డాట్ ఏఐ పేర్లు: పట్టా గాదు, కౌలు

'పన్నెండు వేలకు ఒక డాట్ ఏఐ పేరు కొన్న, పది లక్షలకు అమ్మిన' అని చెప్పే వీడియోలు ఫోన్ల బాగనే తిరుగుతున్నయ్. కింద కోర్సు లింకు తప్పకుంట ఉంటది. ఊర్ల ప్లాట్ల వెంచర్ బ్రోచర్ ఎట్లుంటదో, ఇదీ అట్లనే.

మనకు డాట్ ఇన్ ఎట్లనో, కరీబియన్ సముద్రంల ఆంగ్విల్లా అనే దీవికి డాట్ ఏఐ అట్ల. బ్రిటన్ చేతికింద ఉన్న జాగ అది, జనం పదిహేను వేల చిల్లర. 2022 నవంబర్ల చాట్‌జీపీటీ వచ్చినంక ఆ రెండక్షరాల కోసం లోకమంత ఎగబడ్డది. 2023 ఒక్క ఏడాదే దీవి సర్కారుకు సుమారు 3.2 కోట్ల డాలర్లు వచ్చినయ్. ఆళ్ల మొత్తం ఆదాయంల ఇది ఐదో వంతుకు పైనే. నువ్వు కొన్న పేరు అమ్ముడుపోయినా, పోకున్నా దీవికి పైసలు అందుతయ్. నీకు మాత్రం అమ్ముడైతెనే.

ప్లాటుకు, దీనికి పెద్ద తేడా ఒకటున్నది. ప్లాటు కొంటే కాగితం నీ పేర ఉంటది. డొమైన్ పేరు పట్టా గాదు, కౌలు. గడువు దాటినంక కట్టకపోతే పోతది. డాట్ ఏఐ అయితే ఒక్కసారే రెండేండ్లకు కట్టాలె, 140 డాలర్లు పైననే. నలభై పేర్లు పట్టుకుంటే ఐదు లక్షల దాకా. రెండేండ్లకు మళ్ల అంత. బీటెక్ అయినంక ఖాళీగున్న పిల్లగాడు ఇంట్ల ఎవరిని అడుగుతడు గిన్ని పైసలు?

డబ్బా కొట్టెటోళ్ల కిటుకు ఒకటే. అమ్ముడుపోయిన రెండు పేర్లు చూపెడ్తరు, వదిలేసుకున్న వంద పేర్లు దాస్తరు. తాము అమ్మకానికి పెట్టిన ధరనే 'విలువ' అంటరు. గట్లయితే నా పాత సైకిల్‌కు కూడ కోటి రూపాయల విలువ ఉన్నట్టే.

ఇంకో ముచ్చట. దేశం కథ మారితే దాని అక్షరాలు కూడ కదుల్తయ్. యుగొస్లావియా పోయినంక డాట్ వైయూ 2010ల మూతబడ్డది. చాగోస్ దీవులను మారిషస్‌కు ఇస్తమని 2024 అక్టోబర్ల బ్రిటన్ అనంగనే, ఆ దీవులదైన డాట్ ఐఓ సంగతేందన్న గుబులు మొదలైంది. పెద్ద కంపెనీ పేరు ముందే పట్టుకుందామంటే అదీ నడ్వది. డాట్ ఇన్‌ల అట్ల కొంటే కంపెనీ ఫిర్యాదు చేసి గుంజుకునే నిబంధన ఉన్నది.

కోర్సుకు పైసలు కట్టేముందు ఆయన్ను ఒక్కటడుగుండ్రి: పోయిన రెండేండ్లల్ల రెన్యువల్‌కు ఎంత కట్టినవన్నా, బిల్లులు చూపెట్టు.