బంగారములేని లంకెబిందె

ఇంటిపనులు తీరినపిమ్మట పిల్లలను వెంటబెట్టుకొని తోటకో చెరువుగట్టునకో పోవుట మన స్త్రీలకు క్రొత్త కాదు. అట్టి విహారమునకు వెదకులాట తోడైన యొక వేడుకను గూర్చి యీ నెల ముచ్చటింపదలచితిమి. దీనిని జియోక్యాషింగ్ అందురు. ఇందలి ‘క్యాష్’ రొక్కము కాదు. దాచిన వస్తువని యర్థము.

ఒకరు చిన్న డబ్బా నొకదానిని అడవిలోనో ఉద్యానవనములోనో దాచి, ఆ చోటి అక్షాంశ రేఖాంశములను అందఱకును వెల్లడింతురు. వారి ముక్కుమొగ మెఱుగని వేఱొకరు చేతిలోని ఫోను చూచుకొనుచు పోయి దానిని వెదకి పట్టుకొందురు. డబ్బాలో నొక చిన్న పుస్తక ముండును. అందు తన గుర్తును, తేదీని వ్రాసి, డబ్బాను యథాస్థానమున నుంచి రావలయును. గోలీలు, బొమ్మలు మున్నగునవి యున్నచో పిల్లలు ఒకటి తీసికొనవచ్చును. కాని తీసినదానికి సమానమైనదో, అంతకంటె మేలైనదో బదులుంచవలెను. ఇంతియే యాట.

ఈ యాట పుట్టి పాతికయేండ్లు దాటినది. భూమికి 20,000 కిలోమీటర్లకు పైని ఎత్తున తిరుగుచున్న ఉపగ్రహముల సంకేతములను బట్టి మన మున్న చోటు ఫోనునకు తెలియుచున్నది. మొదట అమెరికా ప్రభుత్వము ఆ సంకేతములను సైనికులు కానివారికి కావలయుననియే కొంత చెఱిపి యిచ్చుచుండెను. అందుచే నూఱు మీటర్ల దాక పొరపాటు వచ్చుచుండెడిది. 2000 సంవత్సరము మే నెల మొదటి దినములలో ఆ కట్టడి తొలగింపబడెను. వెంటనే మే 3వ తేదీన ఆరెగాన్ రాష్ట్రమున డేవ్ ఉల్మర్ అను నతడు పుస్తకములు, ఉండేలు, చిక్కుడుగింజల డబ్బా మున్నగు వానిని ఒక బక్కెట్టులో నుంచి దాచి, ఆ చోటిని ప్రకటించెను. మూడు దినములలో ఇరువురు దానిని కనుగొనిరి. నేడు లోకమంతట నిట్టి డబ్బాలు లక్షలకొలది యున్నవి.

డబ్బా కంటె డబ్బా యున్న చోటు ముఖ్యము. దృష్టాంతముగా అమెరికా ఉత్తరభాగమున మినెసోటా రాష్ట్రమునందలి ఇటాస్కా సరస్సును చూతము. త్ర్యంబకమున సన్నని ధారయైన గోదావరి రాజమహేంద్రవరము చేరునప్పటికి సముద్రమువలె విరియునట్లు, మహానదియైన మిసిసిపి యీ సరస్సునుండి చిన్న వాగుగా బయలుదేఱుచున్నది. అచట పిల్లలు రాళ్లపై నడుగులు వేయుచు ఆ నదిని దాటుదురు. సరస్సు పేరే యొక దాగుడుమూత. 1832లో ఓజావిందిబ్ అను ఒజిబ్వే నాయకుడు దారి చూపగా ఇచటికి వచ్చిన స్కూల్‌క్రాఫ్ట్ అను నతడు, సత్యము, శిరస్సు అను నర్థములు గల రెండు లాటిను పదముల నడిమి యక్షరములను కూర్చి యీ పేరు కల్పించెను. ఒజిబ్వే ప్రజలు అంతకు ముందే దానిని ఎల్కు అను పెద్ద దుప్పి పేరిట పిలుచుచుండిరి.

1891లో ఈ ప్రదేశము రాష్ట్ర ఉద్యానవనముగా ఏర్పడినది. 30,000 ఎకరములకు మించిన యా వనమున నూఱింటికి పైగా సరస్సులును, తలయెత్తి చూడవలసిన దేవదారు జాతి వృక్షములును గలవు. అవి నేటికిని నిలిచియుండుటలో ఒక స్త్రీ ధైర్యమునకు పాలు గలదు. ఆమె పేరు మేరీ గిబ్స్. వనపాలకుడైన తండ్రి 1903లో మరణింపగా, 24 ఏండ్ల యా యువతికి గవర్నరు ఆ పదవి నిచ్చెను. కలప వర్తకులు దుంగలను నీటిపై తేల్చి సాగించుటకై సరస్సు దిగువను ఆనకట్ట కట్టియుండిరి. నీరు పైకెక్కి గట్టు చెట్లు మునిగి చచ్చుచుండెను. తూము తలుపు లెత్తుడని యామె ఆజ్ఞాపింపగా, పిడిపై చేయి వేసినవారిని కాల్చెదమని వారు తుపాకి చూపిరి. ఆమె వెనుదీయక పిడిపై చేయి వేసెను. కొలది నెలలకే ఆమె పదవి పోయినది. కాని నేడు ఆ నదీమూలము చెంతనున్న సందర్శకుల భవనమునకు ఆమె పేరే గలదు.

ఈ కథను ఆటతో ముడిపెట్టుటకు కారణము గలదు. అడవికి గొడ్డలి ఒక్కటియే శత్రువు కాదు. ఒక పొదలో డబ్బా యున్నదని తెలిసి వందమంది బాట విడిచి అడ్డముగా నడచినచో, మొలకలు నలిగి, సరస్సుగట్టు జాఱి, క్రొత్త త్రోవ పడిపోవును. అందువలననే యిట్టి వనములలో డబ్బా దాచుటకు ముందు అధికారుల యనుమతి పొందవలెను. గొయ్యి త్రవ్వి పాతరాదు. చెట్టునకు మేకు కొట్టరాదు. మృగములు వాసన పట్టి వచ్చును గనుక తినుబండారము లుంచరాదు. మొట్టమొదటి బక్కెట్టులోని చిక్కుడుగింజలు నేటి నియమములకు విరుద్ధములే! ఆటగాండ్రలో అనేకులు సంచి తీసికొనిపోయి, దారిలోని చెత్త నేఱి తెచ్చుట ఆచారముగా పెట్టుకొనిరి. ఇది మాకు మిక్కిలి నచ్చినది.

మన సోదరీమణు లనేకులు కుమార్తెల పురుళ్లకో మనుమల పెంపకమునకో అమెరికాకు పోయి నెలలతరబడి యుందురు. పెద్దవారు ఉద్యోగములకు పోవ, నాలుగు గోడల నడుమ నమ్మమ్మయు, ఫోను విడువని మనుమడును మిగులుదురు. వారికీ యాట యెంతయు తగినది. ఏ ఫోను బాలుని కుర్చీకి కట్టివేయుచున్నదో, ఆ ఫోనే వానిని చెట్లనడుమకు తీసికొనిపోవును. కాని యది కొలది మీటర్ల దాక మాత్రమే దారి చూపగలదు. ఆపైని కన్నులును, ఊహయు పనిచేయవలయును. పోపులడబ్బాలో చిల్లర దాచి సంసారము నడపిన మన స్త్రీలకు, ఇతరు లెచట దాచియుందురో ఊహించుట కష్టము కాదు. దారి తెలిసిన మనుమడును, దాపు తెలిసిన అమ్మమ్మయు జతకూడినచో వారికి భాష అడ్డు రాదు.

కొన్ని జాగ్రత్తలు చెప్పుదుము. పొదలలో చీర తగులుకొనును. కాళ్లు కప్పు పైజమా, మేజోళ్లు, బూట్లు మేలు. ఆ ప్రాంతపు గడ్డిలో జబ్బులు తెచ్చు పిడుదు లుండును. ఇల్లు చేరగనే పిల్లల మోకాళ్ల వెనుకను, చెవుల వెనుకను, తలలోను పరీక్షింపవలెను. మూడేసి యాకులు గల తీగను తాకనీయరాదు. అందు దురదపుట్టించు జాతి గలదు. త్రాగునీరు, నిండుగా చార్జి చేసిన ఫోను ఉండవలెను. పోవు చోటును ఇంట చెప్పి పోవలెను. నీటి యొడ్డున బిడ్డ చేయి విడువరాదు. మన దేశమున నీ యాట నాడగోరువారు, ఎవరి చోటో వారి యనుమతి లేనిదే యే డబ్బాను ఉంచరాదు. దిక్కులేని పెట్టెను చూచి జనులు భయపడుట సహజము.

ఆ డబ్బాకు తాళము లేదు, కావలివాడు లేడు. దానిని ఎవరైనను ఎత్తుకొనిపోవచ్చును. అయినను చూచినవారు చూచినట్లే మూసి పెట్టుచుండుటచేతనే అది నిలిచియున్నది. సరస్సును, అడవియు నట్లే. లోన బంగారము లేకున్నను మన బిడ్డలకు తప్పక నేర్పవలసిన దొకటి యా లంకెబిందెలో గలదు: కనుగొనుట సగము పని; మన వెనుక వచ్చువారికి దొరకునట్లు మరల ఉంచివచ్చుట తక్కిన సగము.