కొత్త ట్రాక్టరు క్రాసు విరిగితే తప్పు రైతుదేనా?

దమ్ము రోజుల్లో ట్రాక్టరు ఆగిపోతే ఏమవుతుందో వరి రైతుకు ఒకరు చెప్పనక్కర్లేదు. కాలువ నీటి వంతు దాటిపోతుంది, నారు ముదిరిపోతుంది, నాట్ల కూలీలు పక్క ఊరికి వెళ్ళిపోతారు. ఈ ఖరీఫ్‌లో మన సభ్యుడొకరికి అదే జరిగింది. కొని నాలుగు నెలలు కాని ఫోర్ వీల్ డ్రైవ్ ట్రాక్టరుకు ముందు చక్రం షాఫ్టు జాయింటు పోయింది. బాగుచేయించి తెచ్చిన పదిహేను రోజులకు రెండోవైపుదీ పోయింది. షోరూమువారి సమాధానం ఒక్కటే: "బురదలో తిప్పారు, వారంటీ వర్తించదు."

వరి రైతు బురదలో కాక ఎక్కడ తిప్పుతాడు? ఆ షోరూము గోడ మీది బొమ్మలో ఉన్నది కూడా ఇనుప చక్రాలతో మడిలో దమ్ము చేస్తున్న ట్రాక్టరే.

ఇంజను నుంచి చక్రానికి గానీ, రోటవేటరుకు గానీ శక్తి తీసుకెళ్ళే షాఫ్టు వంగాల్సిన చోట జాయింటు ఉంటుంది. అందులోని ప్లస్ గుర్తులాంటి ముక్కే క్రాసు. దాని నాలుగు కొసలకు సూది బేరింగులు, వాటికి సీళ్ళు ఉంటాయి. సీలు సరిగా లేకపోతే బురదనీరు లోపలికి చేరి గ్రీజును కడిగేస్తుంది. బేరింగు అరిగి, క్రాసు ఊగి, ఒకరోజు విరుగుతుంది. కాబట్టి బురద వల్ల పోయిందంటే సీలు ఎందుకు ఆపలేదన్నది కంపెనీ చెప్పాల్సిన జవాబు.

మనవైపు పొరపాట్లు లేవని కాదు. గట్టు దగ్గర పీటీవో ఆపకుండానే రోటవేటరును పైకెత్తి మలుపు తిప్పుతాం. అప్పుడు షాఫ్టు వంపు పెరిగి క్రాసు మీద దెబ్బ పడుతుంది. షియర్ బోల్టు తెగితే చేతికందిన గట్టి బోల్టు బిగిస్తాం. ఫోర్ వీల్ వేసి ఉంచే తారురోడ్డెక్కుతాం. పని ఒత్తిడిలో రోజూ గ్రీజు కొట్టడం మరిచిపోతాం. ఇలాంటివి జరిగి ఉంటే కంపెనీ విరిగిన ముక్కను చూపించి నిరూపించాలి. చూడకుండానే తీర్పు చెప్పడం కుదరదు.

మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ట్రాక్టర్లను పరీక్షిస్తుంది. మన అనంతపురం జిల్లా గార్లదిన్నెలోనూ వ్యవసాయ యంత్రాల పరీక్షా సంస్థ ఉంది. బుద్నీ పరీక్షల్లో దమ్ము కూడా ఒకటి. దమ్ము తర్వాత భాగాలు విప్పి, సీళ్ళు బురదను ఆపాయో లేదో చూసి నివేదికలో రాస్తారు. కొనబోయే మోడలు నివేదిక చూపమని డీలరును అడగండి. చూపకపోతే ఆలోచించుకోండి.

ఇక చట్టం. ట్రాక్టరు వ్యాపారానికి కొన్నారు గనుక మీరు వినియోగదారులు కారని కొందరు వాదిస్తారు. స్వయం ఉపాధితో జీవనం కోసమే కొన్న వస్తువును వ్యాపారం కింద చూడరాదని 2019 వినియోగదారుల రక్షణ చట్టం స్పష్టంగా చెబుతోంది. మన జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, రెండేళ్ళలోపు వేయాలి. చెల్లించిన ధర 5 లక్షల వరకైతే ఫీజు లేదు, 10 లక్షల వరకైతే 200 రూపాయలు. ముందుగా 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు.

కేసు నిలవాలంటే ముక్క ఉండాలి. అవసరమైతే కమిషన్ దాన్ని ల్యాబుకు పంపిస్తుంది. చాలామంది ఇక్కడే నష్టపోతున్నారు. పాత క్రాసు కంపెనీకి పంపాలని మెకానిక్కు పట్టుకుపోతాడు, జాబ్ కార్డులో "రిపేరు చేయబడినది" అని ఒక్క ముక్క రాస్తారు. ముక్కకు ఫోటో తీయండి, ఇచ్చినట్లు రసీదు తీసుకోండి. అవర్ మీటరు రీడింగు, విరిగిన భాగం పేరు, కారణం రాయించాకే సంతకం పెట్టండి.

కార్లలో లోపం బయటపడితే కంపెనీలు వాటిని వెనక్కి పిలిపించి ఉచితంగా మారుస్తున్నాయి. మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 110ఎ సెక్షన్ కింద కేంద్రమే అలా ఆదేశించవచ్చు. ట్రాక్టర్ల విషయంలోనూ ఆ అధికారాన్ని వాడాలని, వారంటీ పత్రం తెలుగులో ఇవ్వాలని, దమ్ము పనిని వారంటీ నుంచి మినహాయించరాదని మన సంఘం కోరుతోంది. ఒక్కరు అడిగితే అది డ్రైవరు తప్పు అంటారు. ఒకే మోడలులో ఒకే జాయింటు ఇరవై ఊళ్ళలో విరిగిందని చూపితే ఆ మాట అనలేరు. మండల కమిటీలు ఇలా విరిగిన ప్రతి ట్రాక్టరు మోడలు, కొన్న తేదీ, నడిచిన గంటలు, జాబ్ కార్డు నకలు వచ్చే నెల సమావేశానికి తీసుకురావాలి.