వానలో విడిచిన పలక

మా గుంటూరు సీమలో కళ్లమున మిరపకాయలు ఎండుచుండగా మబ్బు కనబడెనేని ఇంటిలోని పసివాడు సైతము పట్టా తెచ్చుటకు పరుగెత్తును. ఆ పసివాడే తన స్కేటుబోర్డును పెరటిలో వానకు వదలి బడికి వచ్చుచున్నాడు. ఇది మాకు వింతగా నున్నది. తడిసిన మిరపకాయకు ధర తగ్గును. తడిసిన పలకకు ఆయువే తగ్గును.

ఏలయన అది ఒకే చెక్క కాదు. సాధారణముగా ఉత్తర అమెరికాలో పెరుగు మేపుల్ మ్రాను నుండి తీసిన 7 పలుచని పొరలను జిగురుతో అతికి, అచ్చులో నొక్కి చేయుదురు. పొరలన్నియు గలిసి అర అంగుళమునకు మించవు. తడి దిగిన చెక్క ఉబ్బును, ఆరిన ముడుచుకొనును. ఇట్లు పలుమారు జరిగిన పొరలు విడిపోవును, పలక వంకర తిరుగును.

వేసవిలో బండిచక్రము ఎండి ఇనుపపట్టా వదులైనప్పుడు రైతులు దానిని నీట నానవేయుదురు. అది తుమ్మచెక్క, ఉబ్బి బిగియును. జిగురుపై నిలిచిన పలకకు ఆ వైద్యము పనికిరాదు. క్రికెట్ బ్యాటునకు వలె అవిసెనూనె పట్టించుటయు వ్యర్థమే. పైన గరుకుపట్టీయు క్రింద రంగును చెక్కను కప్పియే యున్నవి కదా! తడిసినచో పొడిగుడ్డతో తుడిచి, నీడలో గాలి తగులునట్లు ఆరనీయవలెను. ఎండ 40 డిగ్రీలు దాటు ఈ సీమలో మేడపై ఆరవేయుట మరియొక కీడు. అంచున పొర లేచినచో వడ్రంగులు వాడు జిగురు రాసి, బరువు పెట్టి ఒక రాత్రి ఉంచిన చాలును.

నల్లరేగడి దుమ్ము చేరిన బేరింగులలో కొబ్బరినూనె పోయువారు కలరు. దానికి దుమ్ము మరింత అంటును. వానిని శుభ్రపరచి, కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేయుట మేలు. బండి ఇరుసునకు వేయు కందెన దీనికి మిక్కిలి చిక్కన.

పలకను బీరువాపై దాచి ఆదివారము మాత్రమే ఇచ్చు తల్లిదండ్రులతో మే మేకీభవింపము. ఇది పోకిరిపిల్లల ఆట యనుట నేడు చెల్లదు. 2021లో టోక్యో ఒలింపిక్ పందెములలో ఇది ప్రవేశించినప్పుడు, స్త్రీల వీధి పందెమున బంగారు పతకము గెలిచిన మోమిజి నిషియాకు 13 ఏండ్లే. పలకను బిడ్డ చేతికే ఇచ్చి, తుడుచు పనిని కూడ వానికే అప్పగింపుడు. విరిగిన మరునాడే క్రొత్తది కొనితెచ్చు తండ్రులు ఆ పనిని చెడగొట్టుచున్నారు.

ఒక్క విషయమున మాత్రము పెద్దలే కలుగజేసికొనవలెను. ఇరుసు మరల చుట్టును వెండ్రుకవాసి బీట కనబడినను ఆ పలకపై ఎవ్వరును ఎక్కరాదు. దానిని తమ్మునికిచ్చి త్యాగము చేసితిమని మురియు అన్నలు మన బడిలో లేకపోలేదు. అది నడిదారిలో విరిగినచో మణికట్టు విరుగునది తమ్మునికే. ఇరుసులు, చక్రములు విప్పి క్రొత్త పలకకు బిగింపవచ్చును. కొనవలసినది చెక్క మాత్రమే.