పేరు కరోనాది, అప్పు రాష్ట్రానిది

మొన్న టీవీ చర్చలో ఓ రిటైర్డ్ అధికారిగారు తేల్చేశారు. కరోనా మాంద్యంతో మున్సిపాలిటీల ఖజానా ఖాళీ అయిందట, ఆంధ్రప్రదేశ్‌లో ఆస్తి పన్ను పద్ధతి అందుకే మార్చాల్సి వచ్చిందట. చుట్టూ కూర్చున్నవాళ్లు ఔనౌనన్నారు. ఈ పాట వినీ వినీ చెవులు చిల్లులు పడ్డాయి.

ఆదాయం తగ్గిందా? తగ్గింది. షాపుల అద్దెలు రాలేదు, ప్లాన్ల ఫీజులు ఆగాయి. అయితే పన్ను మార్చింది ఆ గుంట పూడ్చడానికేనా? 2020 మేలో కేంద్రం రాష్ట్రాల అప్పు పరిమితిని జీఎస్‌డీపీలో 3 శాతం నుంచి 5 శాతానికి పెంచి, షరతులు తగిలించింది. పట్టణాల్లో ఆస్తి పన్నును రిజిస్ట్రేషన్ విలువకు ముడిపెట్టి, నీటికీ మురుగుకూ ఛార్జీలు సవరిస్తే 0.25 శాతం అదనపు అప్పు. నవంబరులో ఇవే మార్పులతో 196, 197, 198 జీవోలు దిగాయి. కొత్త సంవత్సరం వచ్చేసరికి 2,525 కోట్లకు అనుమతి! ఆ అప్పు తెచ్చుకునే హక్కు రాష్ట్రానిది, కార్పొరేషన్‌ది కాదు. పన్ను కట్టేది మాత్రం విజయవాడ, విశాఖ ఇళ్లవాళ్లు.

పాత పద్ధతికి ఆధారం అద్దె విలువ. వీధివీధినా టు-లెట్ బోర్డులు వేలాడుతున్న ఏడాదే చూసి దాన్ని రిజిస్ట్రేషన్ విలువకు మార్చారు. అద్దెలు పడిపోతాయి, సబ్ రిజిస్ట్రార్ పుస్తకంలో అంకె ఎప్పుడైనా పడిందా? ఏటా 15 శాతానికి మించి పెంచబోమన్నారు. ఏటా 15 శాతం జీతం పెరిగేవాడెవడో చూపించండి!

అసలు ఎవరినడిగి మార్చారు? అప్పటికి పాలకవర్గాలే లేవు, ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. విశాఖకైతే 2012 నుంచి అప్పటిదాకా కౌన్సిల్ లేదు. అన్నేళ్లూ ప్రత్యేకాధికారి పాలన. బడ్జెట్ పెట్టేదీ ఆయనే, ఆమోదించేదీ ఆయనే, చప్పట్లు కొట్టేది కూడా ఆయనేనేమో. ఎన్నికైన కౌన్సిళ్లే ఊళ్లను నడపాలన్న 74వ రాజ్యాంగ సవరణ ఏ బీరువాలో ఉందో వెతకాలి.

అంతటితో ఆగారా? 2021 అక్టోబరులో చెత్త పన్ను. చెత్త ఎత్తడం మున్సిపాలిటీ మొదటి పని; దానికే నెలనెలా గుమ్మం ముందు వసూలు. ప్రభుత్వం మారాక, 2024లో రద్దన్నారు. అది లేకపోతే ఊళ్లు నడవవని ఒట్టేసి చెప్పినవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారో.

నగరాలకు డబ్బు కావాలి, కాదనను. వినోదపు పన్నులో వచ్చే వాటాను 2017లో జీఎస్టీ మింగేసింది. జీఎస్టీలో నేరుగా వాటా ఇవ్వండి. స్టాంపు డ్యూటీ మీద సర్‌ఛార్జీ వసూలైన నెలలోనే పంపండి. వాటా ఎంతన్నది కూర్చుని తేల్చుకోవచ్చు. కౌన్సిల్ ఓటు వేయని పన్ను మాత్రం వసూలు చేయకండి.