తెగినది పోగా, మోటారా?

ఈ మధ్య సూరత్ నగరంలోని బమ్రోలీకి వెళ్ళడం తటస్థించింది. మా చెల్లెలి కాపురం అక్కడ. బావగారిది సిరిసిల్ల ప్రాంతపు నేత కుటుంబం. తెలంగాణ జిల్లాల నుండి మరమగ్గాల పని వెతుక్కుంటూ సూరత్ చేరిన వేలాది తెలుగు కుటుంబాలలో వారిదొకటి. పాండేసరా పారిశ్రామిక వాడకు ఆనుకొని ఉన్న ఈ పేటలో మగ్గాల చప్పుడు ఇంటి గోడల మధ్య కూడా వినిపిస్తూనే ఉంటుంది.

భోజనాలైన తరువాత చెల్లెలు ఒక పాత డీవీడీ తెచ్చి నా చేతిలో పెట్టింది. అది తన పెళ్ళినాటిది. “అన్నా, దీంట్ల అమ్మ పాట ఉన్నది. పోయిన నెల నుంచి కంప్యూటరు దీన్ని తీసుకుంట లేదు” అన్నది. అప్పగింతల వేళ మా అమ్మ పాడిన పాట అందులో ఉన్నది. అమ్మ ఇప్పుడు లేదు. ఆమె గొంతు మరెక్కడా నమోదు కాలేదు.

ఇంట్లో ఉన్నది పాత లాప్‌టాప్. డిస్కు పెట్టే సొరుగు పక్కనే అమర్చి ఉన్న రకం. ఒక రాత్రి దానిలో సిస్టమ్ అప్‌డేట్ జరిగింది. మరునాటి నుండి డిస్కు డ్రైవు కనిపించకుండా పోయింది. మేనల్లుడు దగ్గరలోని దుకాణానికి తీసుకుపోతే, డ్రైవు చెడిపోయిందనీ, కొత్తది వేయాలనీ చెప్పారట. అంతా విన్న బావగారు ఒక్క మాట అన్నారు: “బావా, మగ్గం ఆగితే మేము ముందుగాల మోటారు విప్పం. పోగు తెగిందేమో చూస్తం.”

ఆ మాటలోనే ఈ సమస్యకు సగం పరిష్కారం ఉన్నది. నిన్నటి వరకు పనిచేసిన డ్రైవు అప్‌డేట్ జరిగిన మరునాడే కనిపించడం మానివేస్తే, ముందుగా అనుమానించవలసినది డ్రైవును కాదు, డ్రైవుకూ సిస్టమ్‌కూ మధ్యనున్న పరిచయాన్ని. అందుచేత ఖర్చు లేని పరీక్షలు మొదట, ప్రమాదం ఉన్న పనులు చివర అనే క్రమంలో సాగాలి.

దేహం బాగున్నదా?

మొదట డ్రైవు మీది బొత్తాము నొక్కి చూడండి. సొరుగు తెరుచుకుంటే, చిన్న దీపం వెలిగితే, డిస్కు తిరిగే చప్పుడు వినిపిస్తే, విద్యుత్తు అందుతున్నదన్న మాట. మా చెల్లెలి ఇంట్లో ఈ మూడూ జరిగాయి.

తరువాత యంత్రాన్ని ‘రీస్టార్ట్’ చేయండి. ‘షట్ డౌన్’ చేసి మళ్ళీ వేస్తే అదే ఫలితం వస్తుందని చాలామంది భావిస్తారు. కాని విండోస్ 8 మొదలుకొని ‘ఫాస్ట్ స్టార్టప్’ అనే ఏర్పాటు ఉన్నది. అది అమలులో ఉంటే, షట్ డౌన్ చేసినప్పుడు సిస్టమ్ తన అంతర్భాగపు స్థితిని దాచుకొని, మరుసటిసారి అక్కడి నుండే మొదలవుతుంది. రీస్టార్ట్ చేసినప్పుడే పూర్తిగా కొత్తగా లేస్తుంది. కొన్ని చిక్కులు దీనితోనే విడిపోతాయి.

అప్పటికీ డ్రైవు కనిపించకపోతే, విండోస్ మేల్కొనక ముందే విచారించాలి. యంత్రం వేయగానే ఎఫ్2, ఎఫ్10, ఎస్కేప్, డిలీట్ మీటలలో ఏదో ఒకటి నొక్కితే బయోస్ తెర వస్తుంది. ఏ మీట అన్నది తయారీదారుని బట్టి మారుతుంది. అక్కడ యంత్రానికి తగిలించిన పరికరాల జాబితా ఉంటుంది. ఏదీ మార్చకుండా చదివి మాత్రం రండి. ఆ జాబితాలో డిస్కు డ్రైవు పేరు ఉన్నట్లయితే దాని దేహం బాగున్నట్లే. లోపం సిస్టమ్‌లోనే వెతకాలి. పేరు లేకపోతే తీగల కలయిక వదులై ఉండవచ్చు, లేదా డ్రైవు నిజంగానే చెడి ఉండవచ్చు. అప్పుడు మరమ్మతుదారుని దగ్గరకు వెళ్ళడమే మేలు.

మేము చూసినప్పుడు డ్రైవు పేరు స్పష్టంగా ఉన్నది. కొత్త డ్రైవు అవసరం లేదని ఆ క్షణాననే తేలిపోయింది.

పరిచయం చెడిన చోటు

ఇక విండోస్‌లోకి వచ్చి, స్టార్ట్ బొత్తాము మీద మౌస్ కుడి మీట నొక్కి, ‘డివైస్ మేనేజర్’ తెరవండి. అందులో ‘డీవీడీ, సీడీరోమ్ డ్రైవ్స్’ అనే శాఖ ఉంటుంది. డ్రైవు పేరు పక్కన పసుపుపచ్చని త్రికోణం ఉంటే అది ఫిర్యాదు చిహ్నం. పేరు మీద రెండుసార్లు నొక్కితే ఆ ఫిర్యాదు సంఖ్య కూడా తెలుస్తుంది. దానిని కాగితం మీద వ్రాసుకోండి.

తరువాత పేరు మీద కుడి మీట నొక్కి ‘అన్‌ఇన్‌స్టాల్ డివైస్’ అని చెప్పి, యంత్రాన్ని రీస్టార్ట్ చేయండి. దీనికి జంకవలసిన పని లేదు. సిస్టమ్ లేస్తూనే డ్రైవును కొత్త అతిథిలా గుర్తించి, తిరిగి పరిచయం చేసుకుంటుంది. సాధారణ డిస్కు డ్రైవులకు కావలసిన ఫైళ్ళు విండోస్‌లోనే ఉన్నాయి. అందుచేత, ‘మీ డ్రైవరు పాతబడింది, మా ప్రోగ్రాము దింపుకోండి’ అనే ప్రకటనలను నమ్మి ఎక్కడెక్కడివో దింపుకోకండి.

డివైస్ మేనేజర్‌లో అంతా సవ్యంగా ఉండి కూడా ‘దిస్ పీసీ’లో డ్రైవు కనిపించకపోతే, దానికి అక్షరం కేటాయించబడలేదేమో చూడాలి. ‘డిస్క్ మేనేజ్‌మెంట్’ తెరిచి, డ్రైవు మీద కుడి మీట నొక్కి, వాడుకలో లేని అక్షరం ఒకటి ఇస్తే సరిపోతుంది.

మా విషయంలో ఇంత సులభంగా తెమలలేదు. అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేసినా త్రికోణం మళ్ళీ ప్రత్యక్షమైంది. ఫిర్యాదు సంఖ్య 39. పరికరాన్ని నడిపించే ఫైలు పాడైనదనీ, లేదా లేదనీ దాని అర్థం.

దారిలో నిలిచిన పాత కాపలాదారు

డిస్కుల మీద పాటలు, సినిమాలు వ్రాసే ప్రోగ్రాములు ఒకప్పుడు ప్రతి ఇంట్లోనూ ఉండేవి. వాటిలో కొన్ని సిస్టమ్‌కూ డ్రైవుకూ నడుమ తమ మనిషిని ఒకరిని కాపలా పెడతాయి. దానినే ‘ఫిల్టర్’ అంటారు. వచ్చే పోయే ప్రతి ఆజ్ఞా అతని మీదుగానే సాగాలి. పెద్ద అప్‌డేట్ జరిగినప్పుడు ఆ పాత ఫైలు తొలగిపోవచ్చు, లేదా కొత్త సిస్టమ్‌తో పొసగకపోవచ్చు. కాని హాజరుపట్టీలో పేరు మాత్రం మిగిలిపోతుంది. సిస్టమ్ ఆ పేరు చదివి కాపలాదారును పిలుస్తుంది. అతడు పలకడు. దానితో డ్రైవును నడపడానికే నిరాకరిస్తుంది. 39తో పాటు 19, 31, 32, 41 సంఖ్యలు కనిపించినప్పుడు కూడా ఈ కారణాన్ని పరిశీలించవచ్చు.

ఆ హాజరుపట్టీ ‘రిజిస్ట్రీ’లో ఉంటుంది. ఇది సున్నితమైన చోటు. ఇక్కడ ఒక పంక్తికి బదులు మరొకటి చెరిపితే యంత్రమే మేల్కొనకపోవచ్చు. చేయి తిరిగినవారు పక్కన ఉంటేనే ముట్టుకోండి. ముందుగా ముఖ్యమైన ఫైళ్ళకు వేరే చోట నకలు తీసిపెట్టండి.

‘రెజెడిట్’ అనే ప్రోగ్రామును తెరిచి, ‘లోకల్ మెషీన్’, ‘సిస్టమ్’, ‘కరెంట్ కంట్రోల్ సెట్’, ‘కంట్రోల్’, ‘క్లాస్’ అనే మెట్లు వరుసగా దిగండి. అక్కడ పొడుగాటి అంకెలు, అక్షరాలు కలిసిన పేర్లు అనేకం ఉంటాయి. వాటిలో 4డి36ఇ965తో మొదలయ్యేది మనకు కావాలి. కుడివైపున ‘క్లాస్’ అన్నదానికి ఎదురుగా ‘సీడీరోమ్’ అని ఉంటే సరైన చోటికే వచ్చారు. ‘ఫైల్’ జాబితాలోని ‘ఎక్స్‌పోర్ట్’తో ఆ భాగానికి నకలు తీసుకోండి. అప్పుడు ‘అప్పర్ ఫిల్టర్స్’, ‘లోయర్ ఫిల్టర్స్’ అనే రెండు పేర్లు ఉన్నాయేమో చూసి, ఉన్నవాటిని తొలగించి, రీస్టార్ట్ చేయండి. దీనివలన పాత డిస్కు వ్రాసే ప్రోగ్రాము పనిచేయడం మానవచ్చు. కావాలంటే దానిని తిరిగి పెట్టుకోవచ్చు.

మా మేనల్లుడు ఎప్పుడో పెట్టి మరచిపోయిన ప్రోగ్రాము తాలూకు కాపలాదారు ఒకడు అక్కడ దొరికాడు. తొలగించి యంత్రాన్ని మళ్ళీ లేపాము. త్రికోణం మాయమైంది.

తెర మీద కనిపించినా సినిమా ఆడకపోతే

డ్రైవు పేరు కనిపించింది. డిస్కులోని ఫైళ్ళూ కనిపించాయి. బొమ్మ మాత్రం రాలేదు. ఇక్కడ చాలామంది మళ్ళీ డ్రైవునే నిందిస్తారు. విండోస్ 7లో చాలా రకాలు డీవీడీ సినిమాలను స్వయంగా ఆడించగలిగేవి. 2012లో వచ్చిన విండోస్ 8 నుండి ఆ సదుపాయం సిస్టమ్‌తో సహజంగా రావడం ఆగిపోయింది. 2015 జూలైలో వచ్చిన విండోస్ 10లో ‘మీడియా సెంటర్’ కూడా లేదు. కనుక సినిమా చూపే ప్రోగ్రామును వేరుగా పెట్టుకోవాలి. ఉచితంగా లభించే వీఎల్‌సీ ఈ పనికి చాలును. దానిని దాని సొంత వెబ్‌సైటు నుండే దింపుకోవాలి.

మరొక చిన్న పరీక్ష కూడా గుర్తుంచుకోదగినది. సీడీని చదివేది 780 నానోమీటర్ల పరారుణ లేజరు. డీవీడీని చదివేది 650 నానోమీటర్ల ఎర్రని లేజరు. కనుక సీడీలు ఆడుతూ ఏ డీవీడీ కూడా ఆడకపోతే, లోపం లేజరులోనో కటకం మీది దుమ్ములోనో ఉండే అవకాశం ఎక్కువ. ఒక్క డిస్కే ఆడకపోతే లోపం ఆ డిస్కుది.

ఇవేవీ ఫలించకపోతే రెండు మార్గాలు మిగులుతాయి. పెద్ద అప్‌డేట్ అయితే మామూలుగా పది రోజుల లోపల ‘గో బ్యాక్’ అనే ఏర్పాటుతో వెనుకకు మరలవచ్చు. అయితే అప్‌డేట్లు యంత్రానికి రక్షణ కూడా ఇస్తాయి గనుక వాటిని శాశ్వతంగా ఆపివేయడం మంచిది కాదు. రెండవది, యూఎస్‌బీతో తగిలించే విడి డ్రైవును అరువైనా తెచ్చుకోవడం.

పని ముగిసిన తరువాతనే అసలు పని

వీఎల్‌సీ పెట్టిన తరువాత డిస్కు తిరిగింది. పచ్చటి పందిరి కనిపించింది. అమ్మ గొంతు కొంచెం వణుకుతూ మొదలైంది. చెల్లెలు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. బావగారు లేచి వెళ్ళి, వీధి మగ్గాల చప్పుడు లోనికి రాకుండా కిటికీ మూశారు.

పాట ముగియగానే నేను చేసిన పని, డిస్కులోని ఫైళ్ళన్నిటినీ లాప్‌టాప్‌లోకి ఎక్కించడం. ఒక పొర డీవీడీలో పట్టేది 4.7 గిగాబైట్లు మాత్రమే. చిన్న పెన్‌డ్రైవులో కూడా ఇమిడిపోతుంది. ఒక నకలు చెల్లెలి దగ్గర ఉంచి, మరొకటి నాతో తెచ్చుకున్నాను. పెళ్ళిళ్ళలో ఇచ్చే డిస్కులు సాధారణంగా రంగుపొర మీద వ్రాసినవి. ఎండకూ వేడికీ ఆ రంగు వెలుస్తుంది. కొత్త లాప్‌టాప్‌లలో డిస్కు సొరుగులే అరుదైపోయాయి.

మీ బీరువాలో కూడా అటువంటి డిస్కు ఒకటి ఉండే ఉంటుంది. డ్రైవు ఆగిపోయే వరకు వేచి ఉండకండి. అది పనిచేస్తున్న ఈ వారంలోనే నకలు తీసిపెట్టండి. డ్రైవు చెడితే కొత్తది కొనుక్కోవచ్చు. ఆ గొంతు మళ్ళీ దొరకదు.