గడప దాటించే ముందు కాగితం అడగాలి

కపిలేశ్వరపురం: వ్యవసాయ పనుల రోజుల్లో పగటిపూట మండలంలోని చాలా ఇళ్లలో వృద్ధులు, పిల్లలే మిగులుతారు. ఇంటింటికీ తిరిగి అమ్మేవారు తలుపు తట్టేదీ ఆ వేళలోనే. వారందరూ మోసగాళ్లు కారు. చీరల మూటతోనో, స్టీలు సామానుతోనో ఏళ్ల తరబడి అదే వీధికి వచ్చేవారు సరకు బాగోలేకపోతే మార్చి ఇస్తారు. మళ్లీ అదే గుమ్మం ఎక్కవలసినవారు మోసానికి వెనుకాడతారు. మళ్లీ రానక్కరలేని వారితోనే ప్రమాదం.

నగలకు మెరుగు పెడతామని వచ్చేవారి పద్ధతి తెలిసిందే. ముందు ఇత్తడి చెంబు తళతళలాడించి నమ్మకం కలిగిస్తారు. తరువాత గొలుసును ద్రావకంలో ముంచుతారు. గొలుసు మెరుస్తుంది, తూకం తగ్గుతుంది. కరిగిన బంగారం వారి పాత్రలోనే ఉండిపోతుంది. గ్యాస్ పొయ్యి తనిఖీ పేరిట వంటింట్లోకి వచ్చి, గొట్టం పాడైందని భయపెట్టి నాసిరకం సరకు అంటగట్టడం మరో పద్ధతి. గ్యాస్ రసీదుపై ఉన్న డీలరు నంబరుకు ఫోన్ చేస్తే వచ్చినవారెవరో తేలిపోతుంది.

తెలిసిన ముఖమైనా...
కొత్తవారిని దూరం పెట్టినంత మాత్రాన సరిపోదు. అగ్రిగోల్డ్ వ్యవహారంలో డిపాజిట్లు సేకరించిన ఏజెంట్లలో అనేకులు బంధువులు, ఇరుగుపొరుగువారే. పలు రాష్ట్రాల్లో సుమారు 32 లక్షల మంది సొమ్ము చిక్కుకుంది. సంస్థ మూతపడ్డాక ఏజెంట్లూ డిపాజిటర్ల ఒత్తిడికి నలిగిపోయారు. ముఖం చూసి కాక కాగితం చూసి సొమ్ము ఇవ్వాలన్నది ఆ అనుభవం చెప్పిన పాఠం.

చట్టం ఏమంటోంది?
2021 డిసెంబరులో కేంద్రం ప్రత్యక్ష విక్రయాల నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం ప్రత్యక్ష విక్రయ సంస్థల ప్రతినిధులు గుర్తింపు కార్డు, ముందస్తు అనుమతి లేకుండా వినియోగదారుని ఇంటికి రాకూడదు. సంస్థ పేరు, చిరునామా, ధర, వాపసు షరతులు స్పష్టంగా చెప్పాలి. మనుషులను చేర్పిస్తే డబ్బు వస్తుందనే గొలుసుకట్టు పథకాలు నిషిద్ధం.

రసీదు ఉంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన విలువ రూ.5 లక్షలలోపైతే రుసుము లేదు. రసీదు లేకుంటే కొన్నట్లు నిరూపించడమే కష్టం. సలహాకు 1915, ఆన్‌లైన్‌లో సొమ్ము పోతే వెంటనే 1930, ఆపద వేళ 112 నంబర్లకు ఫోన్ చేయాలి.

‘ఈ రోజే ఆఖరు’ అని తొందరపెట్టే బేరాన్ని రేపటికి వాయిదా వేయాలి. మంచినీళ్లు అడిగితే గుమ్మం బయటే ఇవ్వాలి. నగలు, ఆధార్ కార్డు, ఫోన్‌కు వచ్చిన ఓటీపీ ఎవరికీ ఇవ్వరాదు. పనికి వెళ్లే ముందు ఈ నాలుగు మాటలూ ఇంట్లోని పెద్దలకు చెప్పి వెళ్లడం మంచిది. మోసపోతే సిగ్గుపడి దాచవద్దు. ఒక ఇల్లు నోరు విప్పితే పక్క వీధి జాగ్రత్త పడుతుంది.