అరువిచ్చిన అంగళ్లు
ప్రొద్దుటూరంటే బయటివాళ్లకు బంగారమే గుర్తొస్తుంది. రెండో బొంబాయి అన్న పేరు ఊరికే రాలేదు. నాకు మాత్రం ముందు గుర్తొచ్చేది చిల్లర అంగళ్లు. జమ్మలమడుగులో, పులివెందులలో కూడా అదే తీరు: వాకిట్లో బొరుగుల మూటలు, గల్లాపెట్టె మీద ఖాతా పుస్తకం, పైనుంచి వేలాడే పురికొస ఉండ. "ఏం కావాలబ్బీ?" అంటూనే శెట్టి పాత పేపరును శంఖంలా చుట్టి, పప్పులు పోసి, అంచు మడిచి, దారం రెండు చుట్లు తిప్పి పుటుక్కున తెంపేవాడు. కొసరుగా బెల్లంముక్క చేతిలో పడందే పిల్లలు కదిలేవాళ్లు కాదు. వాన చినుకును నమ్ముకుని శెనక్కాయలు వేసే సీమలో, పంట ఇంటికొచ్చేదాకా ఉప్పూ పప్పూ అరువిచ్చింది ఆ అంగళ్లే. వడ్డీ లెక్క కట్టినవాళ్లూ ఉన్నారు, నిజమే. అయినా పంట ఎండిన ఏడు పొయ్యి ఆరకుండా చూసిన మేలు అంతకంటే పెద్దది. ఇప్పుడు ఫోన్ యాప్ సరుకు గడపకే తెచ్చిస్తుంది, ముఖం చూసి అరువు మాత్రం ఇవ్వదు. మీ వీధిలో అలాంటి అంగడి ఇంకా తెరిచే ఉంటే, ఈ నెల సరుకుల చీటీ అక్కడే ఇవ్వండి.